నర్సమ్మ గారి రేకుల గది

ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవడానికి ఎంత చోటు కావాలో మా మునిసిపాలిటీ పుస్తకంలో ఎక్కడా రాసి ఉండేది కాదు. ఎంత చోటు వదిలిపెట్టాలో మాత్రం శుభ్రంగా రాసి ఉండేది. ముందు ఇంత, వెనక ఇంత, కుడిపక్క ఇంత, ఎడంపక్క ఇంత. ఇవన్నీ వదిలేశాక మధ్యలో ఏమైనా మిగిలితే అక్కడ ఇల్లు కట్టుకోవచ్చు. మిగలకపోతే? అది మన ఖర్మ. దానికి పుస్తకం బాధ్యత వహించదు.

ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగే టౌన్ ప్లానింగ్ సెక్షనులో చైన్‌మన్‌గా చేసి రిటైరైన వాణ్ణి నేను. ఇప్పటి పిల్లలకి చైన్‌మన్ అంటే తెలియదు కాబట్టి చెబుతున్నాను. స్థలం కొలిచేటప్పుడు టేపు ఒక కొస పట్టుకునేవాణ్ణి చైన్‌మన్ అంటారు. రెండో కొస పట్టుకునే ఆయన్ని ఆఫీసరు అంటారు. జీతంలో తేడా ఉండేది గానీ టేపుకి ఆ తేడా తెలిసేది కాదు.

నేను బళ్ళో కూర్చుని చదివింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత చదువంతా పకోడీ పొట్లాల మీద, ఆఫీసు బీరువాలో చెదలు కొట్టగా మిగిలిన పుస్తకాల్లో సాగింది. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. రూలు కనబడితే చాలు, దాన్ని రాసినాయన ఇల్లు ఎంత ఉండి ఉంటుందా అని ఆలోచిస్తాడు. ఆ జబ్బు నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఈ కథ తలుచుకుంటే మరీ ఎక్కువవుతుంది.

మా ఊరి పేరు చెప్పను. కాలవ, కాలవ మీద వంతెన, వంతెన దిగగానే రైసు మిల్లులు, రోడ్డు నిండా ఊక. మండపేట చుట్టుపక్కల ఎవరు చదివినా ఇది మా ఊరే అనుకుంటారు. అనుకోనివ్వండి.

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. మిషను ఆసుపత్రిలో పనిచేసిన ఒక నర్సమ్మ గారు రిటైరయ్యారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగమంతా ఆసుపత్రి కాంపౌండులోని క్వార్టర్సులోనే గడిచింది. రిటైరయ్యాక అది ఖాళీ చెయ్యాలి కదా, వచ్చిన సొమ్ముతో ఊళ్ళోనే ఒక స్థలం కొనుక్కున్నారు. స్థలం అనడం మర్యాదకి. నిజానికి అది ముక్క.

అది ఎక్కడుందో చెబుతాను, జాగ్రత్తగా వినండి. వంతెన దిగి తిన్నగా వచ్చే వీధి ఒకటుంది. అది వచ్చి వచ్చి ఒక అడ్డరోడ్డుకి తగిలి ఆగిపోతుంది. సరిగ్గా ఆ తగిలే చోట, అడ్డరోడ్డుకి అవతలి వైపున, వీధికి ముఖాముఖిగా ఈ ముక్క. దానికి ఒక పక్క మురుగు సందు. రెండో పక్కనా, వెనకనా ఒక రైసు మిల్లు యజమాని గారి ప్రహరీ. ఆ ప్రహరీ లోపల ఎత్తైన అరుగుతో ఆయన మేడ. ఆయన గేటు ముక్కకి పక్కగా ఉంటుంది. ఊరంతా ఆయన్ని మిల్లు బాబు గారు అంటుంది, నేనూ అదే అంటాను.

వీధి తిన్నగా వచ్చి పొడిచే స్థలాన్ని మావైపు వీధిపోటు స్థలం అంటారు. అందులో కాపరముంటే ఆ పోటు ఇంట్లోవాళ్ళకి తగులుతుందని, వ్యాపారాలు కూలతాయని, మనిషి మంచాన పడతాడని గట్టి నమ్మకం. ఊరికే ఇస్తామన్నా కట్టుకోరు. అందుకే అది నర్సమ్మ గారికి అందుబాటులో దొరికింది. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఎవరో దస్తావేజు లేఖరి ఆవిడతో, "అమ్మా, అది వీధిపోటండి, చూసుకున్నారా?" అన్నాట్ట.

"ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఉన్నానయ్యా. మనుషుల్ని మంచాన పడేసేవి ఏంటో నాకు తెలుసు. వాటిల్లో రోడ్డు లేదు," అన్నారట ఆవిడ.

అమ్మినాయన మిల్లు బాబు గారి పినతండ్రి. కుటుంబం పంపకాల్లో ఆ ముక్కా, దాని మీదున్న, వెనక కప్పు ప్రహరీ మీదకి వాలిన పాత పెంకుల బండి సావిడీ ఆయన వాటాకి వచ్చాయి. అన్న కొడుకుతో ఆయనకి మాటల్లేవు. ఒక్క మాటైనా చెప్పకుండా అమ్మేసి కాకినాడ వెళ్ళిపోయాడు. మిల్లు బాబు గారికి అదీ మంట. తన గేటు పక్క ముక్క తనకి చెప్పకుండా పరాయివాళ్ళకి పోవడమేంటి? అక్కడ కారు షెడ్డు వేసుకుందామని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నాడట. అనుకున్నవాడు పినతండ్రితో మాట్లాడుకోవాలి గానీ, ఆ మంట అంతా నర్సమ్మ గారి మీద పెట్టుకున్నాడు.

ఆవిడ అప్లికేషన్ పట్టుకుని మా సెక్షనుకి వచ్చారు. అప్పుడు మాకు కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు కుర్రాడు. మొదటి పోస్టింగు. పుస్తకమంటే భయం, కమిషనరు అంటే భయం, పైగా మంచివాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే ఎంత నరకమో నేను పక్కనుండి చూశాను. నన్ను "బాబాయ్" అనేవాడు. ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద ముక్క గీసి, పెన్సిలుతో చుట్టూ వదలాల్సిన చోటు వదిలాడు.

"ఇదిగోండమ్మా, ముందు ఇంత పోతుంది. వెనక ఇంత. పక్కలకి ఇంతా, ఇంతా. మధ్యలో..."

"ఆఁ, మధ్యలో?"

పెన్సిలు ఆగిపోయింది. "మధ్యలో ఇది మిగిలిందండి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. "ఇదేంటి బాబూ, గదా, గోడ మందమా?"

"గోడలు కూడా ఇందులోనే రావాలండి."

"మరి నేనెక్కడ రావాలి?"

నేను ఉండబట్టలేక, "నిలబడి నిద్రపోవాలండి, గుర్రంలాగా," అన్నాను.

"బాబాయ్, నువ్వూరుకో. రూలు నేను రాశానా?" అని సూపర్‌వైజరు నా మీద ఎగిరాడు. కానీ అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజంతా పుస్తకం తిరగేశాడు. మర్నాడు ఆవిడకి కబురు పెట్టి పిలిపించి చెప్పాడు. "అమ్మా, ఒక దారుందండి. పాత వీధుల్లో గోడకి గోడ ఆనించి ఇళ్ళు ఉన్నాయి చూడండి. పక్క స్థలం ఆయన ఒప్పుకుని సంతకం పెడితే మీరూ అలా ఆనించి కట్టుకోవచ్చు. అప్పుడు పక్కా, వెనకా వదలక్కర్లేదు. గది వస్తుంది."

"సంతకమేగా? వాడు నా చేతుల్లో పుట్టినవాడే," అని ఆవిడ హుషారుగా వెళ్ళారు. ఊళ్ళో నడివయసు లోపువాళ్ళలో సగంమందిని భూమ్మీదకి లాగింది ఆవిడే మరి.

సాయంత్రం తిరిగొచ్చి ఏం జరిగిందో ఆవిడే చెప్పారు, నవ్వుతూనే.

"నిన్ను మీ అమ్మ కడుపులోంచి బయటికి లాగింది నేనేనయ్యా, ఒక్క సంతకం పెట్టు అన్నాను. ఏమన్నాడో తెలుసా? అయితే నర్సమ్మ గారూ, మీరు కూడా ఆ ముక్కలోంచి బయటికి వచ్చెయ్యండి, లెక్క సరిపోతుంది అన్నాడు. పుట్టినప్పుడే వీడు అడ్డం తిరిగాడు. అప్పుడే అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండదు చెప్పండి? ఈ మిల్లు బాబు గారి మిల్లు ముందు రోడ్డు వైపు వదలాల్సిన చోటంతా ఊక గుట్ట. గాలి వీస్తే బడిపిల్లలు కళ్ళు నలుపుకుంటూ పోతారు. దాని మీద కాగితం పెడదామండీ అంటే మా ఆఫీసులో ఎవరూ వినరు. ఎందుకంటే పుస్తకంలో గోడలున్నాయి, మెట్లున్నాయి, అరుగులున్నాయి, ఊక అనే మాట లేదు. ఊకకి అనుమతి అక్కర్లేదు. మనిషికి కావాలి.

సరే, క్వార్టర్సు ఖాళీ చెయ్యాల్సిన గడువు దగ్గర పడింది. అప్పుడు ఒక తాపీమేస్త్రీ ఆవిడకి ఉపాయం చెప్పాడు. "కొత్త ఇల్లంటేనే ప్లాను అడుగుతారమ్మా. పాత సావిడి బాగు చేసుకుంటున్నామంటే ఎవడడుగుతాడు?" మావైపు మేస్త్రీలందరికీ తెలిసిన విద్యే ఇది. సగం ఊరు పశువుల పాకలుగా మొదలై మేడలుగా తేలింది. అలా సావిడి స్తంభాల మధ్య గోడలు లేచాయి. పెంకులు దిగాయి, సిమెంటు రేకులు ఎక్కాయి. వీధి వైపు ఆకుపచ్చ తలుపు, పక్కన కిటికీ. వెనక మిల్లు బాబు గారి ప్రహరీకి ఆనించి గోడ. మూలన చిన్న స్నానాల గది. ఒక మంచం, ఒక బల్ల, ఒక పొయ్యి పట్టి, ఇంకా ఆవిడ అటూ ఇటూ నడవడానికి కాస్త దారి ఉన్న గది. నర్సమ్మ గారు ట్రంకు పెట్టెతో దిగిపోయారు.

మిల్లు బాబు గారు వెంటనే పిటిషన్ పడేశాడు. సూపర్‌వైజరూ నేనూ టేపు పట్టుకుని వెళ్ళాం. మేము వస్తున్నట్టు మేస్త్రీకి ముందే తెలిసినట్టుంది. గది ముందు ఒక గేదె కట్టేసి ఉంది. దాని ముందు పచ్చగడ్డి. మేస్త్రీ చేతులు కట్టుకుని దాని పక్కన నిలబడ్డాడు.

"ఏంటి మేస్త్రీ ఇది?" అన్నాడు సూపర్‌వైజరు.

"పశువుల సావిడండి. మరమ్మతు చేశామండి."

"పశువుల సావిడికి కిటికీ ఎందుకు?"

"గాలికండి."

"కిటికీకి పువ్వుల తెర ఎందుకు?"

మేస్త్రీ ఒక్క క్షణం ఆలోచించాడు. "దోమలండి. గేదె నిద్రపోదండి."

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. సూపర్‌వైజరు కూడా పెదవి కొరుక్కుంటున్నాడు. అంతలో ఆ గేదె, పచ్చగడ్డి వదిలేసి, కిటికీలోకి మూతి పెట్టి పువ్వుల తెర పట్టుకుని లాగి నమలడం మొదలెట్టింది. లోపల్నుంచి నర్సమ్మ గారు అట్లకాడ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. "ఓసి నీ మొహం మండా! నా తెర! నా చేత్తో కుట్టుకున్న తెర!"

"అమ్మా, ఇందులో మీరుంటున్నారా?" అన్నాడు సూపర్‌వైజరు.

"లేకపోతే గేదె ఉంటుందా?" అన్నారు ఆవిడ, తెర రెండో కొస లాగుతూ.

మేస్త్రీ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. గేదె ఎవరిదో గాని, తాడు విప్పగానే అదే ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. మేం కూడా నవ్వుకుంటూ ఆఫీసుకి వచ్చేశాం. వచ్చాక సూపర్‌వైజరు కుర్చీలో కూలబడి, "బాబాయ్, ఇప్పుడు నేను రిపోర్టు రాయాలి," అన్నాడు. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

అతను చెయ్యగలిగినన్నాళ్ళు నానబెట్టాడు. ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి ఫైలు కమిషనరు గారి బల్ల మీద అడుగున పెట్టొచ్చాడు. కానీ మిల్లు బాబు గారు ఊరుకునే రకం కాదు. సోమవారం నాడు కాకినాడ వెళ్ళి కలెక్టరు గారి గ్రీవెన్సులో కాగితం ఇచ్చొచ్చాడు. ఇక కమిషనరు గారు మా ఇద్దర్నీ పిలిచి, "తీసేశారా లేదా అని పైనుంచి అడుగుతున్నారయ్యా. నేనేం చెప్పను, గేదె కథ చెప్పనా?" అన్నారు. ఆయన కూడా మనసులేని మనిషేం కాదు. ఫోను మోగితే మాత్రం వణికేవారు.

కూల్చే రోజుకి ముందు నాకు నేనుగా మిల్లు బాబు గారి దగ్గరికి వెళ్ళాను. "బాబు గారూ, వయసైన మనిషి. ఒక్క సంతకం పడేస్తే పోయేదేం లేదు కదండీ," అన్నాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. "నువ్వు టేపు పట్టుకునేవాడివి. టేపే పట్టుకో," అన్నాడు. అరుగు చివర ఆయన తల్లి, మామ్మ గారు, చేటలో బియ్యం ఏరుకుంటూ ఉంది. ఆవిడైనా ఒక మాట అంటుందేమో అని చూశాను. ఆవిడ రాయి తీసి వాకిట్లోకి విసిరి, మళ్ళీ బియ్యంలో పడిపోయింది.

కూల్చే రోజు పొద్దున్నే ట్రాక్టరు మీద గునపాలూ, సమ్మెటలూ, మనుషులతో బయల్దేరాం. వెళ్ళేసరికి నర్సమ్మ గారు సామాను బయట పెట్టేసి ఉన్నారు. ఇనప మంచం, ట్రంకు పెట్టె, పొయ్యి, బైబిలు, ఆసుపత్రివాళ్ళు రిటైరైనప్పుడిచ్చిన గోడగడియారం. మురుగు సందు మొదట్లో అవన్నీ పెట్టుకుని, పెట్టె మీద కూర్చుని, పొయ్యి మాత్రం ఇంకా వెలిగించి ఉంచారు. మా కూలీలకి టీ పెడుతున్నారు.

"పగలగొట్టేవాళ్ళకి టీ ఏంటమ్మా?" అన్నాను.

"ఎండలో పని కదయ్యా. వాళ్ళేం సరదాకి వచ్చారా?"

సూపర్‌వైజరుకి కూడా ఒక గ్లాసు ఇచ్చారు. అతను పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు. "ఎక్కడికి వెళ్తారమ్మా?" అని అడిగాడు.

"చర్చి వెనక గదిలో కొన్నాళ్ళు ఉండమన్నారు. ఆ తర్వాత చూద్దాం." అని పొయ్యి మంట తగ్గిస్తూ అన్నారు, "ఎప్పుడూ ఎవరో ఇచ్చిన గదులేనయ్యా. ఒక్కటి నాది అనిపించుకుందామనుకున్నాను." ఆవిడ గొంతు మారడం నేను అదొక్కసారే విన్నాను.

పని మొదలైంది. ముందు రేకులు దించారు. తర్వాత ఎక్కడ మొదలుపెట్టమంటారని మా కూలీల మేస్త్రీ అడిగితే, పిటిషన్‌లో రాసింది ప్రహరీకి ఆనుకున్న గోడ గురించి కాబట్టి, వెనక గోడే మొదట తియ్యమన్నాడు సూపర్‌వైజరు. మిల్లు బాబు గారు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. మామ్మ గారు ఎప్పటిలాగే అరుగు మీద చేట ముందు పెట్టుకుని కూర్చుంది, తమాషా చూద్దామని కుర్చీ కాస్త ముందుకి జరిపించుకుని.

సమ్మెట దెబ్బలకి వెనక గోడ పైనుంచి దిగుతూ దిగుతూ ప్రహరీ ఎత్తుకి వచ్చింది. ఆకుపచ్చ తలుపు సామాను మోసుకొచ్చినప్పుడు తీసింది తీసినట్టే ఉంది. అప్పుడు వంతెన మీంచి ధాన్యం లారీ ఒకటి దిగింది.

మా అందరికీ అది మామూలు లారీ. అరుగు మీద కూర్చున్న మామ్మ గారికి మాత్రం అలా కాదు. విరిగిన గోడ మీదుగా, తెరిచిన తలుపులోంచి, ఆవిడ జీవితంలో మొదటిసారి ఆ వీధి మొత్తం కనబడింది. వంతెన దాకా, కత్తితో కోసినట్టు తిన్నగా. ఆ తలుపు చట్రంలో ఇరుక్కున్నట్టు లారీ మొహం పెద్దదవుతూ, పెద్దదవుతూ, ఆవిడ మీదకే వచ్చేస్తోంది. అడ్డరోడ్డు దగ్గర తిప్పబోతూ డ్రైవరు హారన్ గట్టిగా కొట్టాడు.

చేట ఎగిరిపోయింది. బియ్యం అరుగంతా చల్లినట్టయింది.

"ఆపండ్రా! ఒరే అబ్బాయ్, ఆపించరా! నీకు పుణ్యముంటుంది, ఆపించు!"

మిల్లు బాబు గారు పరిగెత్తాడు. "ఏంటమ్మా? ఏమైంది? నువ్వు లోపలికి వెళ్ళు."

"లోపలికి నేను వెళ్ళేదేంట్రా, లారీ వచ్చేస్తోంది లోపలికి! చూడరా, వీధంతా చూడు! తిన్నగా మన గుమ్మంలోకి!"

"అమ్మా, నలుగురిలో ఏంటిది? ఈ కాలంలో ఎవరు నమ్ముతున్నారివి?"

"మీ నాన్న నమ్మారు! ఆయన అక్కడ బండి సావిడి ఎందుకేయించారనుకున్నావు? మనకెప్పుడైనా బండుందా? ఎద్దులున్నాయా? ఆ పోటు ఆ సావిడికి తగిలి ఆగిపోవాలని వేయించారు. నువ్వు మనుషుల్ని తెచ్చి మరీ దారి తీయిస్తున్నావా, నా ప్రాణానికి?"

కూలీలు సమ్మెటలు దించేశారు. ఇలాంటి విషయాల్లో వాళ్ళకి కమిషనరు ఆర్డరు అక్కర్లేదు. మిల్లు బాబు గారు బీకామ్ చదివినవాడు. "నాకు ఇలాంటివి పట్టవు," అన్నాడు సూపర్‌వైజరు వైపు తిరిగి. అంటూనే వీధికి ఎదురుగా నిలబడ్డ చోటు నుంచి ఒక అడుగు పక్కకి జరిగాడు. నేను చూశాను.

"పోనీలే అమ్మా, మన ప్రహరీనే ఎత్తు పెంచి కట్టిస్తాను," అన్నాడు.

"ప్రహరీ ఎవరిదిరా? మనదేగా! దానికి తగిలితే మనకి తగిలినట్టు కాదూ? మధ్యలో వేరేవాళ్ళ ఇల్లుండాలి!"

ఈ మాట వినగానే అందరి తలలూ ఒకేసారి మురుగు సందు వైపు తిరిగాయి. నర్సమ్మ గారు పెట్టె మీద కూర్చునే టీ గ్లాసులు కడుక్కుంటున్నారు. ఆవిడ తల ఎత్తకుండా, చాలా మెల్లిగా అన్నారు:

"నా గురించి బెంగ పెట్టుకోకండి పెద్దమ్మ గారూ. కట్టుకోనివ్వకపోయినా స్థలం నాదేగా, ఎవరికీ అమ్మను. శుభ్రంగా చదును చేయించి బంతిమొక్కలు వేసుకుంటాను. పొట్టి మొక్కలు. మీ అరుగు మీదకి గాలి ధారాళంగా వస్తుంది. వంతెన దాకా కనబడుతుంది."

మామ్మ గారు గుండె పట్టుకుంది. "విన్నావా? బంతిమొక్కలట! ఒరే, ఆ సంతకమేదో పెట్టి చావరా!"

నేను సర్వీసులో చాలా సంతకాలు చూశాను గానీ, ట్రాక్టరు బానెట్టు మీద కాగితం పెట్టి, అంత తొందరగా పడ్డ సంతకం ఇంకోటి చూడలేదు. సూపర్‌వైజరు వాక్యం చెబుతుంటే మిల్లు బాబు గారు రాసుకుంటూ పోయాడు, నా ప్రహరీకి ఆనించి ఇల్లు కట్టుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదని. మామ్మ గారు అరుగు మీంచే, "ఎప్పటికీ లేదని రాయించండి బాబూ, ఎప్పటికీ!" అని అరిచింది. అదీ రాయించాం. గోడ తిరిగి కట్టించే పూచీ కూడా కొడుకు మీదే పెట్టింది. పగలగొట్టడానికి వెళ్ళిన మా కూలీలు ఇటుకల మీది సున్నం గీకి, పగలనివాటిని ఏరి వరసగా పేర్చారు. సూపర్‌వైజరు అప్పుడు తాగాడు టీ. చల్లారిపోయి ఉంటుంది. అయినా గ్లాసు ఖాళీ చేసి, "బాగుందండమ్మా," అన్నాడు.

ఆఫీసులో కమిషనరు గారు అంతా విని కాసేపు కళ్ళు మూసుకున్నారు. "కలెక్టరాఫీసుకి ఏం రాయమంటావయ్యా?"

"పిటిషన్ పెట్టినాయనే అభ్యంతరం లేదన్నాడని రాద్దామండి," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎందుకు లేదన్నాడు?"

"అది రాయక్కర్లేదండి."

చూశారా, ఇదీ సంగతి. రాజ్యాంగం ఉన్న దేశంలో, మునిసిపాలిటీ ఉన్న ఊళ్ళో, ఒక మనిషికి ఒక గది దక్కడానికి చట్టం పనికి రాలేదు, జాలి పనికి రాలేదు, పురుడు పోసిన చేతులు పనికి రాలేదు. ఒక లారీ హారన్ పనికొచ్చింది. నాకు సంతోషమే, కానీ ఆ సంతోషంలో ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. ఆ ఇల్లు నిలబడాలని మామ్మ గారు కోరుకున్నది ప్రేమతో కాదు కదా. చెడు వస్తే నర్సమ్మ గారికి తగలాలి, తమకి తగలకూడదు, అంతేగా. ఇటుకలు పేర్చిన రోజునే ఉండబట్టలేక నర్సమ్మ గారితో ఈ మాట అనేశాను.

"మీరు ఆవిడకి అడ్డుగోడగా కావాలి, అంతేనమ్మా. మీకు బాధనిపించట్లేదా?"

ఆవిడ గడియారం తుడుచుకుంటూ నవ్వారు. "నా ఉద్యోగమే అది కదయ్యా. అంటురోగాల వార్డులో ఇరవై మందికీ వాళ్ళ చుట్టాలకీ మధ్య నిలబడేదాన్ని. అక్కడ ఏ రోగమూ నన్నేం చెయ్యలేదు. ఇక్కడ వచ్చేది గాలేగా. రానీ. మంచం ఇటు వేసుకుంటాను."

నిజంగానే మంచం వీధి వైపు కిటికీ కిందే వేసుకున్నారు.

కాగితాలన్నీ సక్రమంగా వచ్చాక, గోడ లేచాక, రేకులు ఎక్కాక, గృహప్రవేశం ప్రార్థన పెట్టుకున్నారు. పాస్టరు గారు వచ్చారు. గదిలో మనుషులు పట్టరు కాబట్టి సగంమంది రోడ్డు మీద. సూపర్‌వైజరు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. తాపీమేస్త్రీ వచ్చాడు, గేదె రాలేదు. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఇంతలో మిల్లు బాబు గారి గేటు తెరుచుకుంది. మామ్మ గారు, వెనక పనిమనిషి చేత ప్లాస్టిక్ కుర్చీ మోయించుకుంటూ, తిన్నగా లోపలికి వచ్చి గది మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ముందు గోడల్ని ఒకసారి పైనుంచి కిందకి పరకాయించి చూసింది. చేత్తో తట్టి కూడా చూసింది.

"రేకులెందుకు నర్సమ్మా, స్లాబు వేయించుకోకపోయావా? పైన ఇంకో గది కూడా వేసుకోవచ్చు. మావాడు ఏమీ అనడు," అంది.

సూపర్‌వైజరుకి పొలమారింది. "దానికి మళ్ళీ అప్లికేషన్ పెట్టాలండి," అన్నాడు దగ్గుతూనే.

పాస్టరు గారు పాపం ఎండలో వచ్చినవారు, చిన్న ప్రార్థనతో ముగించారు. ఈ ఇంటినీ, ఈ ఇంట్లో నివసించే మీ దాసురాలినీ కాపాడండి ప్రభువా అని. అందరూ ఆమెన్ అని కళ్ళు తెరవబోతుంటే మామ్మ గారి గొంతు వినబడింది.

"అంతేనా బాబూ? అయిపోయిందా?"

"అయిపోయిందండి," అన్నారు పాస్టరు గారు అయోమయంగా.

"ఇల్లు గట్టిగా ఉండాలని చెప్పలేదే? వానకీ గాలికీ, తుపానుకీ, ఒక్క ఇటిక కదలకూడదని. ఈవిడ నూరేళ్ళు ఆరోగ్యంగా ఇందులోనే ఉండాలని. ఇందులోనే, అని గట్టిగా చెప్పండి. మీ దేవుడికి వినబడాలి."

పాస్టరు గారు ఒకసారి నర్సమ్మ గారి వైపు చూశారు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు, భుజాలు మాత్రం నవ్వుతో కదిలిపోతున్నాయి. ఆయన మళ్ళీ తల వంచి, మొదట్నుంచీ, ఈసారి గోడలతో సహా ప్రార్థన చేశారు. ఈసారి ఆమెన్ అందరికన్నా ముందు మామ్మ గారే అంది.